పర్వతోపాసకుడు జాన్ మ్యూర్

దూరపు కొండలు నునుపని సామెత. దగ్గరకు పోయినకొద్దీ వాటి రాళ్లూ రప్పలూ బయటపడతవని దాని తాత్పర్యం. అమెరికా పడమటి కొసన, కాలిఫోర్నియా రాష్ట్రంలో, సియెరా నెవాడా పర్వతపంక్తి నడుమ యోసెమిటీ అనే లోయ ఒకటి ఉన్నది. అక్కడి కొండలకు ఈ సామెత వర్తించదు. సమీపించి చేతితో తడిమి చూచినా అవి అనేక స్థలాలలో అద్దంవలె నునుపుగా ఉంటవి. ప్రొద్దు వాలిన వేళ ఆ గ్రానైటు శిలలు సానపట్టిన లోహంవలె మెరుస్తవి. ఆ మెరుగు ఎక్కడనుండి వచ్చినదని ప్రశ్నించుకొని, సమాధానం కొరకు ఏండ్ల తరబడి ఒక రొట్టెమూటతో ఆ శిఖరాలమీద ఒంటరిగా తిరిగిన మనిషి జాన్ మ్యూర్.

ఆ సమాధానం ఆయనకు దొరికినది. దానితో తృప్తిపడి ఊరుకొన్నట్లయితే భూగర్భశాస్త్ర గ్రంథాలలో ఒక పేరుగా మాత్రమే మిగిలేవాడు. కాని తాను చూచినదానిని లోకమంతా చూడవలెనని ఆయన పట్టుబట్టినాడు. కొండలలో ఒక్క రాత్రి నిద్రించినవాడు ఆ కొండలకు తానే కావలివాడవుతాడని ఆయన విశ్వాసం. ఆ విశ్వాసమే ఆధారంగా ఒక లోయను గెలుచుకొన్నాడు. మరొక లోయను పోగొట్టుకొన్నాడు. నేడు గుడారాలు వేసుకొనటానికీ, కాలినడకన తిరగటానికీ, సైకిళ్లు త్రొక్కటానికీ ఏటా దాదాపు నలభై లక్షలమంది యోసెమిటీకి వస్తున్నారు. 2016లో ఆ సంఖ్య యాభై లక్షలు దాటినది. ఆ పిలుపు ఎవరిదో, దానికి ఆయన చెల్లించిన మూల్యమేదో వారిలో అందరికీ తెలియదు.

బావిలో గడచిన బాల్యం

మ్యూర్ 1838 ఏప్రిల్ 21న స్కాట్లండు తూర్పుతీరంలోని డన్‌బార్ పట్టణంలో జన్మించినాడు. ఎనిమిదిమంది సంతానంలో మూడవవాడు. తండ్రి డేనియల్ మ్యూర్ ధాన్యవర్తకుడు. మతనిష్ఠలో నిప్పువంటి మనిషి. పిల్లవాడు బైబిలు పాఠం తప్పితే బెత్తం పలికేది. ఆ శిక్షణవల్ల పదకొండేండ్లు నిండేసరికి జాన్‌కు క్రొత్త నిబంధన మొత్తం, పాత నిబంధనలో అధికభాగం కంఠస్థమైనవి. 1849లో తండ్రి కుటుంబాన్ని అమెరికాకు తరలించినాడు. విస్కాన్సిన్ అడవులలో చెట్లు నరికి, మొద్దులు పెకలించి, పొలం చేసినారు. నాగలి పట్టుకొనటానికి జాన్ తల నాగలి మేడితో సమానంగా ఉండే వయస్సులోనే దుక్కి మొదలైనది.

కొన్నేండ్లకు తండ్రి మరొక పొలం కొన్నాడు. అక్కడ నీరు లేదు. బావి త్రవ్వే పని జాన్ మీద పడినది. పైపొర దాటగానే ఇసుకరాయి తగిలినది. ఉలి, సుత్తి పట్టుకొని నెలల తరబడి, సూర్యోదయం నుండి చీకటి పడేవరకు, ఇరుకైన ఆ గోతిలో ఒక్కడే కూర్చుండి రాయి చెక్కినాడు. ఎనభై అడుగుల లోతున ఒక ఉదయం, రాత్రి అడుగున చేరిన విషవాయువు తగిలి స్పృహ తప్పబోయినాడు. పైనుండి తండ్రి కేకలు వేసి, బొక్కెనలో కూర్చుండబెట్టి లాగుకొనగా ప్రాణం దక్కినది. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత మళ్లీ ఆ బావిలోనికే దింపినారు. తొంభై అడుగుల దగ్గర నీరు పడినది. తరువాతి కాలంలో ఆకాశం క్రింద గోడలు లేనిచోట నిద్రించటానికి ఆయన అంతగా ఆరాటపడటంలో ఈ బావి జ్ఞాపకం కొంత లేకపోలేదు.

రాత్రివేళ దీపం పెట్టుకొని చదువుట ఆ ఇంట నిషిద్ధం. తెల్లవారుజామున ఎంత ముందు లేచినా అభ్యంతరం లేదని తండ్రి ఒకనాడు అన్నాడు. కుమారుడు ఆ మాటను పట్టుకొని రాత్రి ఒంటిగంటకే లేవటం ప్రారంభించినాడు. నేలమాళిగలో కూర్చుండి కొయ్యతో గడియారాలు చేసినాడు. నిర్ణీత సమయానికి నిద్రించేవానిని లేపి నిలబెట్టే మంచం ఒకటి చేసినాడు. 1860లో వాటిని మాడిసన్ నగరంలోని రాష్ట్ర ప్రదర్శనకు మోసుకొనిపోగా జనం విరగబడి చూచినారు. ఆ పేరుతో విశ్వవిద్యాలయంలో చోటు దొరికినది. అక్కడ ఒకనాడు తోటి విద్యార్థి ఒక మహావృక్షపు పువ్వు తెంపి చూపి, ఆ వృక్షమూ బఠాణితీగా ఒకే కుటుంబానికి చెందినవని వివరించినాడు. మ్యూర్‌కు లోకం క్రొత్తగా కనబడినది. పట్టా పుచ్చుకొనకుండానే 1863లో కళాశాల విడిచినాడు.

చీకటిగది

అయినను యంత్రాల ఆకర్షణ ఇంకా వదలలేదు. కెనడాలో కొంతకాలం, తరువాత ఇండియానాపొలిస్‌లో బండిచక్రాల కర్మాగారంలో పనిచేసినాడు. నేర్పరియైన పనివానిగా పేరు వచ్చినది. ధనవంతుడయ్యే దారి సుగమంగా కనిపించినది. 1867 మార్చిలో ఒక సాయంకాలం యంత్రపు తోలుపట్టీ కుట్టును ఆకురాయి మొనతో విప్పుతుండగా అది జారి కుడికంటిలో దిగినది. కొన్ని గంటలలో ఎడమకన్ను కూడ చూపు కోల్పోయినది. వారాల తరబడి చీకటిగదిలో కదలకుండ పడియుండవలసివచ్చినది. పువ్వులనూ చెట్లనూ ఇక జన్మలో చూడనేమోనని అప్పుడు కలిగిన భయం ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పినది. దైవానుగ్రహంవలన చూపు తిరిగివచ్చినది. మనుష్యులు చేసిన యంత్రాలకు స్వస్తిచెప్పి, సృష్టి చేసిన వింతలను చూచుటకే మిగిలిన ఆయుస్సు వినియోగించవలెనని నిశ్చయించుకొన్నాడు.

అదే సంవత్సరం సెప్టెంబరులో ఇండియానా ప్రాంతం నుండి బయలుదేరి ఫ్లోరిడా సముద్రతీరం వరకు సుమారు వేయి మైళ్లు కాలినడకన పోయినాడు. జనం తక్కువ తిరిగే దారులనే ఎంచుకొన్నాడు. చేతిలో మొక్కలు నొక్కి భద్రపరచే చట్రం, సంచిలో నాలుగు పుస్తకాలు. ఫ్లోరిడాలో మలేరియా పట్టి నెలల తరబడి మంచాన పడినాడు. దక్షిణ అమెరికాకు పోవలెనన్న సంకల్పం అనారోగ్యంవల్ల నెరవేరలేదు. క్యూబా మీదుగా తిరిగి 1868 మార్చి చివరి వారంలో సాన్‌ఫ్రాన్సిస్కో రేవులో దిగినాడు. నగరం నుండి బయటపడే దగ్గరి దారి ఏదని దారినపోయేవానిని అడిగినాడట. ఎక్కడికి పోవలెనని ఆ మనిషి ప్రశ్నిస్తే, అడవి ఉన్న చోటికి ఎక్కడికైనా సరేనన్నాడట. అక్కడి నుండి పూలతో నిండిన మైదానాలు దాటి నడచి యోసెమిటీ చేరుకొన్నాడు.

గొర్రెలకాపరి

యోసెమిటీ లోయ పొడవు సుమారు ఏడు మైళ్లు, వెడల్పు ఇంచుమించు ఒక మైలు. ఇరుప్రక్కల మూడువేల అడుగుల ఎత్తున గోడలు కట్టినట్లు శిలలు నిలిచి ఉంటవి. ఎల్ కాపిటాన్ అనే ఏకశిల ఒకవైపు. సగానికి కోసిన గోపురంవలె కనిపించే హాఫ్ డోము మరొకవైపు. మూడు అంచెలుగా 2,425 అడుగులు దుమికే జలపాతం. అడుగున మెర్సిడ్ నది. ఈ లోయ నిర్మానుష్యమైనది కాదు. అవానీచీ అనే ఆదివాసులు ఎన్నో తరాలుగా అక్కడ కాపురమున్నారు. బంగారం కొరకు వచ్చినవారికి అడ్డమని 1851లో మారిపోసా దళమనే సాయుధమూక లోయలో ప్రవేశించి వారి పల్లెలను తగులబెట్టి వారిని తరిమివేసినది. పదమూడేండ్ల తరువాత, 1864లో, అధ్యక్షుడు లింకన్ ఆ లోయనూ, మారిపోసా మహావృక్షాల తోపునూ ప్రజల విహారార్థం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించినాడు.

1869 వేసవిలో మ్యూర్ ఈ కొండలలోనికి వచ్చినది కవిగా కాదు, శాస్త్రజ్ఞుడుగా కాదు, గొర్రెలమందకు తోడుగా. డెలానీ అనే ఆసామికి చెందిన సుమారు రెండువేల గొర్రెలను ఎండకాలపు మేతకు టువాలమీ పచ్చికబయళ్లకు తోలుకొనిపోయే పని అది. మంద సాగినకొద్దీ వెనుక పచ్చిక మిగలలేదు, పువ్వు మిగలలేదు. తాను కూలి పుచ్చుకొని చేయించిన ఆ వినాశం ఆయన కంటిలో నలుసువలె నిలిచిపోయినది. ఇరువదియేండ్ల తరువాత గొర్రెలను కొండలనుండి వెళ్లగొట్టించినవాడు ఒకప్పటి గొర్రెలకాపరే కావటం గమనింపదగినది. ఆ వేసవిలోనే ఒంటరిగా కెథీడ్రల్ శిఖరం ఎక్కినాడు. అంతకు ముందు దానిని ఎక్కినవారెవరూ ఉన్నట్లు దాఖలా లేదు.

తరువాత లోయలో హచింగ్స్ అనే హోటలు యజమాని వద్ద రంపపుమిల్లు నడపటానికి కుదిరినాడు. గాలివానకు కూలిన చెట్లనే కోసినాడు గాని నిలిచిన చెట్టు జోలికి పోలేదు. జలపాతానికి చేరువలో ఒక చిన్న కుటీరం కట్టుకొని, సెలయేటి పాయను దాని మూలగా లోనికి మళ్లించుకొన్నాడు. రాత్రి నిద్రలో నీటి చప్పుడు వినిపించవలెనని ఆయన కోరిక. సెలవు దొరికితే కొండ ఎక్కటమే. నడుముకు కట్టిన రొట్టెముక్కలు, కొంచెం తేయాకు, ఒక నోటుబుక్కు, ఇవే ఆయన సామగ్రి. తుపాకి లేదు. తరచుగా కంబళి కూడ ఉండేది కాదు. దేవదారు జాతి చెట్ల కొమ్మలు పరచుకొని, నెగడు ప్రక్కన ఒకవైపు కాలుతూ ఒకవైపు వణుకుతూ రాత్రి గడిపేవాడు. 1872లో రిట్టర్ శిఖరం ఎక్కేటప్పుడు నిట్టనిలువు శిలమీద చేతులు చాచి, పైకి పోలేక, క్రిందికి దిగలేక, మృత్యువు ఖాయమనుకొని క్షణకాలం నిలిచిపోయినాడు. అంతలో మనస్సు తేటపడి, రాతిలోని ప్రతి బీటా స్పష్టంగా కనిపించి, కాళ్లు వాటంతట అవే దారి తెలుసుకొన్నవి.

మంచు వ్రాసిన వ్రాత

ఇంత గొప్ప లోయ ఎట్లు ఏర్పడినదని ఆ కాలపు పండితులు తర్కించుకొంటున్న రోజులవి. రాష్ట్ర భూగర్భశాస్త్రవేత్త జొసయా విట్నీ, ఏదో మహోత్పాతంలో నేల ఒక్కసారిగా క్రిందికి కుంగిపోయి లోయ అయినదని సిద్ధాంతం చేసినాడు. మ్యూర్ ఆ శిలలమీద ప్రాకి, పడుకొని, చేతులతో తడిమి చూచినాడు. నునుపుతోబాటు ఒకే దిక్కుగా సాగిన గీతలు కనిపించినవి. చెదరిన బండరాళ్ల గట్లు కనిపించినవి. అవి కదిలే మంచు, అనగా హిమానీనదాలు, నడచిపోయిన జాడలని ఆయన గ్రహించినాడు. ఉన్నతవిద్యాలయాల్లో చదివిన విట్నీ, గొర్రెలకాపరి చెప్పిన భూగర్భశాస్త్రాన్ని ఎగతాళి చేసి త్రోసివేసినాడు.

ఎగతాళికి మ్యూర్ కాళ్లతో జవాబు చెప్పినాడు. 1871లో ఎత్తైన కొండల నీడలో ఇంకా సజీవంగా ఉన్న హిమానీనదాన్ని కనుగొన్నాడు. ఆ డిసెంబరులో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక ఆయన వ్యాసాన్ని ప్రచురించినది. మరుసటి సంవత్సరం మక్లూర్ హిమానీనదంలో అడ్డంగా గుంజలు నాటి, రోజుకు ఇంచుమించు ఒక అంగుళం చొప్పున అది కదులుతున్నదని కొలిచి చూపినాడు. 1872 మార్చి 26న తెల్లవారుజామున మహాభూకంపం వచ్చి లోయలో శిలలు విరిగిపడినప్పుడు ఇతరులు భయంతో పరుగెత్తగా, కొండ ఎట్లు విరుగుతుందో చూచే భాగ్యం కలిగినదని ఆయన వెన్నెలలోనికి పరుగెత్తినాడు. తరువాతి పరిశోధకులు, ముఖ్యంగా 1930లో ఫ్రాన్స్వా మాథెస్, లోయను మొదట నదులు కోసినవనీ, అటుపై మంచు పలుమారులు వచ్చి వెడల్పు చేసి చెక్కినదనీ తేల్చినారు. మంచు ప్రతాపాన్ని మ్యూర్ కొంత ఎక్కువగా అంచనా వేసిన మాట నిజమే. కాని మూలంలో సత్యం గొర్రెలకాపరి పక్షాననే ఉన్నది.

1871 మే నెలలో ఎమర్సన్ మహాశయుడు యోసెమిటీ చూడవచ్చినాడు. ఆయనకు అప్పటికి దాదాపు 68 ఏండ్లు. గ్రంథాలలో ఆరాధించిన ఋషి కండ్ల ఎదుట నిలువగా మ్యూర్ ఉప్పొంగిపోయినాడు. మారిపోసా తోపులో మహావృక్షాల క్రింద ఒక్కరాత్రి ఆరుబయట నిద్రించవలసినదని వేడుకొన్నాడు. ఎమర్సన్‌కు ఇష్టమే. వెంట వచ్చిన మిత్రులు రాత్రిగాలికి జలుబు చేస్తుందని భయపడి ఆయనను సత్రానికి తీసుకొనిపోయినారు. ఆ రాత్రి మ్యూర్ ఒక్కడే నెగడు వేసుకొని పడుకొన్నాడు. ప్రకృతిని గూర్చి అంత వ్రాసిన మహనీయుని కూడ నాలుగు గోడలు విడువలేదే అన్న బాధ ఆయనను చిరకాలం వెంటాడినది.

రెండు నెగళ్లు

1880లో మ్యూర్ లూయీ స్ట్రెంట్‌జెల్ అనే విదుషిని వివాహమాడి, మార్టినెజ్ పట్టణం వద్ద మామగారి పండ్లతోటల సేద్యం స్వీకరించినాడు. ఇద్దరు కుమార్తెలు కలిగినారు. ద్రాక్ష, పేరి పండ్లు అమ్మి బాగా ఆర్జించినాడు. కాని కొండలు వదలిన మనిషికి ఒంటిలో సత్తువ తగ్గినది, కలం కదలలేదు. ఈ సంగతి మొదట కనిపెట్టినది భార్య. భర్త జీవితాన్ని బలిగోరే తోట ఉండనక్కరలేదని నిశ్చయించి, కొంత భూమిని అమ్మించీ, కౌలుకు ఇప్పించీ, ఆయనను మళ్లీ కొండలకు పంపినది. మ్యూర్ కీర్తిలో ఆ ఇల్లాలి పాలు చిన్నది కాదు.

1889లో సెంచురీ పత్రిక సంపాదకవర్గంలోని రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ కాలిఫోర్నియాకు రాగా, మ్యూర్ ఆయనను టువాలమీ పచ్చికబయళ్లకు తీసుకొనిపోయినాడు. నెగడు చుట్టూ కూర్చుండి ఉండగా, పుస్తకాలలో వర్ణించిన పూలవనాలు ఏవని జాన్సన్ అడిగినాడు. గొర్రెలు తిన్నవని మ్యూర్ చెప్పినాడు. లోయ ఒక్కటే రక్షింపబడితే చాలదు. దానికి నీరిచ్చే పైకొండలూ అడవులూ కూడ రక్షింపబడవలెనని ఆ రాత్రి ఇద్దరూ నిర్ణయించుకొన్నారు. మరుసటి సంవత్సరం సెంచురీలో మ్యూర్ రెండు వ్యాసాలు వ్రాసినాడు. జాన్సన్ వాషింగ్టనులో పెద్దలను కదిలించినాడు. 1890 అక్టోబరు 1న యోసెమిటీ జాతీయోద్యానవన శాసనం అమలుకు వచ్చినది. అయినను లోయ, మారిపోసా తోపు మాత్రం రాష్ట్రం అధీనంలోనే మిగిలినవి. 1892లో సియెరా క్లబ్బు ఏర్పడగా మ్యూర్ దానికి అధ్యక్షుడైనాడు. జీవితాంతం ఆ పదవిలో ఉన్నాడు. 1901 నుండి ఆ క్లబ్బు ఏటా పెద్ద పెద్ద బృందాలను కొండలకు నడిపించుకొనిపోసాగినది. స్త్రీలు, పురుషులు, విద్యార్థులు గుడారాలలో నివసించి, శిఖరాలు ఎక్కి, రాత్రులు నెగళ్ల దగ్గర ఆ వృద్ధుడు చెప్పే హిమానీనదాల కథలు విన్నారు.

రెండవ నెగడు 1903 మేలో వెలిగినది. దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ యోసెమిటీకి వస్తూ, మ్యూర్ తోడు కావలెనని కోరినాడు. వృక్షశాస్త్రవేత్త సార్జెంటుతో ప్రపంచయాత్రకు బయలుదేరవలసిన మ్యూర్ ఆ ప్రయాణాన్ని వాయిదా వేసినాడు. లోయలో అధికారులు విందులు ఏర్పాటు చేసినారు. అధ్యక్షుడు వాటిని తప్పించుకొని ఒకరిద్దరు కావలివారితో మ్యూర్ వెంట అడవిలోనికి నడచినాడు. మొదటిరాత్రి మారిపోసా మహావృక్షాల క్రింద. రెండవరాత్రి గ్లేసియర్ పాయింటు వద్ద, తెల్లవారేసరికి కంబళ్లమీద మంచు. మూడవరాత్రి లోయ పచ్చికలో. ఎమర్సన్ తిరస్కరించవలసివచ్చిన ఆతిథ్యాన్ని రూజ్‌వెల్ట్ స్వీకరించినాడు. 1906లో లోయా మారిపోసా తోపూ రాష్ట్రం చేతినుండి జాతీయోద్యానవనంలో చేరినవి. రూజ్‌వెల్ట్ పాలనలో ఐదు జాతీయోద్యానవనాలు వెలిసినవి. వాయిదాపడిన ప్రపంచయాత్రలో మ్యూర్ భారతదేశం కూడ వచ్చి, హిమాలయాలలో దేవదారు వనాలను దర్శించి ఆనందించినాడు.

మునిగిన లోయ

యోసెమిటీకి వాయవ్యంగా అదే ఉద్యానవనంలో టువాలమీ నది ప్రవహించే హెచ్ హెచీ అనే లోయ ఉన్నది. అవే నిలువుగోడలు, అటువంటివే జలపాతాలు. దారి కష్టమైనందున అక్కడికి పోయినవారు బహుస్వల్పం. సాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఆ లోయకు ఆనకట్ట కట్టి త్రాగునీరు తెచ్చుకొనవలెనని సంకల్పించినది. 1906 భూకంపంలో, అగ్నిప్రమాదంలో నగరం భస్మమైన తరువాత దాని కోరికకు దేశమంతటా సానుభూతి కలిగినది. నగరవాసుల వాదంలో న్యాయం లేకపోలేదు. ప్రైవేటు నీటికంపెనీ గుత్తాధిపత్యం నుండి విముక్తి వారి ఆశయం. అరణ్యశాఖ అధిపతి గిఫర్డ్ పించో, ప్రకృతిసంపద అధికసంఖ్యాకుల ఉపయోగానికేనని నమ్మి వారిని బలపరచినాడు. నీరు మరొక చోట దొరుకుతుంది, ఈ లోయ మరొక చోట దొరకదని మ్యూర్ వాదం.

1908లో ఆనకట్టకు తొలి అనుమతి వచ్చినది. ఇచ్చినవాడు రూజ్‌వెల్ట్ మంత్రివర్గంలోని గార్‌ఫీల్డ్. మహావృక్షాల క్రింద పడుకొన్న అధ్యక్షుని పాలనలోనే ఈ దెబ్బ తగిలినది. నెగడు వద్ద కలిగిన స్నేహం రాజ్యతంత్రానికి అడ్డుపడలేదు. సియెరా క్లబ్బులోనే సభ్యులు చీలిపోయినారు. దేశం నలుమూలల నుండి వేలాది ఉత్తరాలు, తీర్మానాలు వాషింగ్టనుకు చేరినవి. మహిళాసంఘాలు, విద్యాలయాలు, పత్రికలు లోయ పక్షాన నిలిచినవి. ఎన్నడూ చూడని లోయ కొరకు అంతమంది కలం పట్టటం ఆ దేశ చరిత్రలో అపూర్వం. అయినను 1913 డిసెంబరులో సెనేటు 43 వోట్లకు 25 వోట్ల తేడాతో ఆనకట్ట బిల్లును ఆమోదించినది. డిసెంబరు 19న అధ్యక్షుడు విల్సన్ సంతకం చేసినాడు.

మ్యూర్‌కు అప్పటికి 75 ఏండ్లు. భార్య 1905లోనే గతించినది. మార్టినెజ్‌లోని పెద్ద ఇంట ఒంటరిగా కూర్చుండి అలాస్కా యాత్రల గ్రంథం దిద్దుకొంటూ ఏడాది గడిపినాడు. 1914 డిసెంబరులో మొహావి ఎడారిలో నివసించే చిన్నకుమార్తె హెలెన్‌ను చూడబోయి, అక్కడ నిమోనియా తగిలి, లాస్ ఏంజలీస్ ఆస్పత్రిలో చేరినాడు. డిసెంబరు 24న కన్నుమూసినాడు. మంచం మీద అలాస్కా గ్రంథపు వ్రాతప్రతి ఉన్నది. అది మరుసటి సంవత్సరం వెలువడినది. హెచ్ హెచీ ఆనకట్ట 1923లో పూర్తియైనది.

పిలుపుకు వచ్చినవారు

ఆ ఓటమి వృథా కాలేదు. ఉద్యానవనాలను కాపాడే ప్రత్యేకశాఖ లేనందుననే ఇట్లయినదని గ్రహించినవారి కృషివల్ల 1916లో జాతీయోద్యానవనాల శాఖ ఏర్పడినది. మ్యూర్ పేరుతో నిర్మించిన కాలిబాట యోసెమిటీ లోయలో మొదలై 211 మైళ్లు కొండలమీద సాగి, 14,505 అడుగుల విట్నీ శిఖరంమీద ముగుస్తుంది. గొర్రెలకాపరియని పరిహసించిన పండితుని పేరే ఆ శిఖరానికి ఉన్నది. ఆ బాట నడిచే యువకులకు ఆ పాతకలహం పట్టదు. పండితుడూ కాపరీ వారి కాళ్ల క్రింద ఒకే దారిలో కలిసిపోయినారు.

మ్యూర్ జీవితంలో మచ్చ లేకపోలేదు. లోయ అసలు స్వంతదారులైన ఆదివాసులను గూర్చి యౌవనంలో ఆయన వ్రాసిన మాటలు చులకనతో కూడినవి. అలాస్కాలో ట్లింగిట్ జాతివారితో కలిసి ప్రయాణించిన తరువాత ఆయన దృష్టి కొంత మారినది. కాని నిర్మానుష్యమైన పవిత్రారణ్యమన్న ఆయన భావనలో తరిమివేయబడినవారికి చోటు లేకపోయినది. 2020లో సియెరా క్లబ్బే ఈ దోషాన్ని బహిరంగంగా అంగీకరించినది.

1913లో మోటారుకార్లను లోయలోనికి అనుమతించినారు. 1954లో యాత్రికుల సంఖ్య తొలిసారి పదిలక్షలు దాటినది. నేడు గుడారపు స్థలాలకు నెలల ముందుగా పేరు నమోదు చేసుకొనవలెను. అడవిలో రాత్రి బసచేయటానికి అనుమతిపత్రం కావలెను. రోజుకు ఇందరికేనని కట్టడి ఉన్నది. ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలలోనే అక్కడ తినుబండారాలు ఉంచుకొనవలెను. హాఫ్ డోము ఎక్కటానికి 1919లో బిగించిన ఇనుపతాళ్ల దగ్గర రద్దీ పెరిగి, దానికీ అనుమతిపత్రాలు పెట్టినారు. లోయ అడుగున పన్నెండు మైళ్లకు పైగా చదును చేసిన బాటలమీద సైకిళ్లు హాయిగా సాగుతవి. కార్ల వరుసలలో చిక్కుకొన్నవారిని దాటిపోతవి. కొండదారులలో మాత్రం సైకిలుకు ప్రవేశం లేదు. అక్కడ నడవవలసినదే. ఉద్యానవనంలో నూటికి తొంభైనాలుగు వంతులకు పైగా నేల 1984 శాసనం ప్రకారం రోడ్లూ కట్టడాలూ లేని అరణ్యంగానే ఉండవలెను.

ఇన్ని నిబంధనలు చూచి, రొట్టెమూటతో స్వేచ్ఛగా తిరిగిన మ్యూర్ ఏమనుకొనేవాడోనన్న సందేహం కొందరికి కలుగుతుంది. ఒక లోయను నీరు ముంచినది. మరొక లోయను జనం ముంచుతున్నారని విచారించేవారూ ఉన్నారు. ఆ విచారంలో నిజమున్నది. కాని ఈ రెండు ముంపులూ ఒకటి కావు. హెచ్ హెచీలో నిలిచిన నీరు శతాబ్దం గడచినా అక్కడనే ఉన్నది. యోసెమిటీకి వచ్చిన జనం సెలవులు ముగియగానే ఇండ్లకు తిరిగిపోతారు. వారిలో ఎక్కువమంది ఫోటోలు మాత్రమే తీసుకొనిపోతారు. కొందరు మాత్రం, రాత్రి గుడారం బయటకు వచ్చి, చంద్రకాంతిలో ఆ నున్నని శిలను తడిమి చూచినవారు, మరచిపోలేని ఒక జ్ఞాపకంతో తిరిగిపోతారు. ఎన్నడో ఒకనాడు ఏ కొండకో ఆపద వచ్చినప్పుడు కలం పట్టేవారూ, వోటు వేసేవారూ వారే. ఎందరిలో అట్టివారు ఒక్కరు దొరుకుతారో మ్యూర్‌కు తెలియదు. తెలియకనే లోకాన్నంతటినీ పిలిచినాడు. ఆయన గెలిచినదీ ఓడినదీ కూడ ఆ పిలుపులోనే.